తోడు ఎవరు పెట్టాలి?

ఏడో నెల వచ్చిన బిడ్డకు పెరుగు పెట్టొచ్చా? పెడితే ఇంట్లో తోడుపెట్టిందా, కొన్నదా? ఆవుపాలదా, గేదెపాలదా? జలుబు చేయదూ? ఈ ప్రశ్నలు నలభై ఏళ్ళుగా వింటున్నాను. నా పిల్లలప్పుడు విన్నాను, చెల్లెళ్ళ పిల్లలప్పుడు విన్నాను, ఇప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయిలు తల్లులై అడుగుతుంటే వింటున్నాను. బిడ్డలు మారారు, గిన్నెలు మారాయి. ఈ ప్రశ్న ఎవరిని అడగాలన్న విషయంలో మాత్రం మన సమాజానికి ఎన్నడూ సందేహం రాలేదు. ఇన్నేళ్ళలో ఒక్క తండ్రిని పట్టుకుని "మీ పాపకు ఏ పెరుగు పెడుతున్నారండీ?" అని ఎవరైనా అడగ్గా నేను వినలేదు.

ఈ మధ్య మన ఆడవాళ్ళ రాతల్లో కూడా ఈ పెరుగు ఎక్కువైంది. అమ్మమ్మ తోడుపెట్టిన పెరుగు, నాయనమ్మ చిలికిన వెన్న, మట్టిముంత, కవ్వం, మీగడ తరక. వాటి పక్కనే చంటిబిడ్డకు డబ్బాలో పెరుగు పెట్టే ఈ తరం తల్లి మీద ఒక నిట్టూర్పు. రాసేవాళ్ళు మనవాళ్ళే. ఒకప్పుడు వంటింటిని తిడుతూ కవిత్వం రాసినవాళ్ళూ, ఆ కవిత్వం చదివి చప్పట్లు కొట్టినవాళ్ళూ. ఈ వ్యాసం వాళ్ళతో పోట్లాడ్డానికే రాస్తున్నాను. కంపెనీలతో పోట్లాట కూడా ఉంది, కానీ అది తేలిక. మనవాళ్ళతోనే కష్టం.

ముందు పెరుగు సంగతి తేల్చేద్దాం, అది చాలా చిన్న సంగతి కాబట్టి. ఆరు నెలలు నిండాక, పై తిండి మొదలయ్యాక బిడ్డకు పెరుగు పెట్టొచ్చు. బాగా కాచి చల్లార్చిన పాలతో తోడుపెట్టింది, మీగడ తీయనిది, పులవనిది అయితే చాలు. పాలలోని చక్కెరను తోడులోని సూక్ష్మజీవులు కొంతవరకు ఆమ్లంగా మార్చేస్తాయి కనుక పాలకన్నా పెరుగు తేలిగ్గా అరుగుతుంది. పంచదార అక్కర్లేదు, ఉప్పూ అక్కర్లేదు, ఏడాది నిండేదాకా తేనె అసలే వద్దు. మొదటిసారి ఒక చెంచా పెట్టి, ఒంటిమీద దద్దుర్లుగానీ వాంతిగానీ వస్తాయేమో చూసుకోవాలి, పాలు పడని బిడ్డలు కొందరుంటారు కాబట్టి. పెరుగు తింటే జలుబు పుడుతుందనడానికి ఆధారం లేదు. ఆవుదా గేదెదా అంటే ఏదైనా సరే, గేదెపాలలో వెన్న ఎక్కువ, అంతే. కొన్న పెరుగైతే పంచదారా పండ్ల రసాలూ కలపని మామూలు పెరుగు, తేదీ చూసుకుని. ఇంట్లో చేసిందానికీ, సరిగ్గా చల్లగా ఉంచి అమ్మిన మామూలు పెరుగుకూ మధ్య బిడ్డ కడుపుకు తెలిసే తేడా పెద్దగా ఏమీ లేదు.

ఇంతే. ఒక పేరాలో అయిపోయింది. మరి ఈ పేరాడు సంగతి చుట్టూ అత్తగారూ ఆడపడుచూ పక్కింటావిడా పిల్లల డాక్టరూ టీవీ వంటల అమ్మాయీ అందరూ ఎందుకు మూగుతారు? పెరుగు పేరుతో మాట్లాడుతున్నది తల్లి గురించి కాబట్టి. ఆమె ఎంతసేపు ఇంట్లో ఉంటోంది, ఉద్యోగం ఎందుకు చేస్తోంది, బిడ్డను ఎవరికి వదిలి వెళుతోంది అని సూటిగా అడిగితే ఈ రోజుల్లో బాగుండదు. "పాపకు పెరుగు ఇంట్లోనే తోడుపెడుతున్నావా అమ్మా?" అని అడిగితే బాగుంటుంది. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే.

"ఐదు నిమిషాల పనికి ఇంత రాద్ధాంతమా" అని ఇక్కడ ఎవరో ఒకరు అంటారు. నిజమే, ఐదు నిమిషాలే. పాలు కాచాలి. పొంగకుండా అక్కడే నిలబడాలి. వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆగాలి. ఎక్కువ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది, చల్లారిపోతే తోడుకోదు. నిన్నటి పెరుగులోంచి ఒక చెంచా ఇవాళ్టికి తీసి ఉంచాలి. అంటే అందరూ భోంచేసేటప్పుడు గిన్నె అడుక్కంటా తోడి వేసుకోకుండా ఎవరో ఒకరు కాపలా కాయాలి. చలికాలంలో గిన్నెను గుడ్డలో చుట్టి పెట్టాలి. ఎండాకాలంలో తెల్లారేసరికి పులిసిపోతుంది కనుక పొద్దుపోయాక తోడుపెట్టి, తోడుకోగానే ఫ్రిజ్‌లోకి ఎత్తాలి. కరెంటు పోతే గుర్తుపెట్టుకోవాలి. ఊరికి వెళితే, తిరిగొచ్చేసరికి తోడుకు దిక్కేమిటో చూసుకోవాలి. పెద్దవాళ్ళ పెరుగు పుల్లగా ఉన్నా చెల్లుతుంది, చంటిపిల్లకు చెల్లదు కాబట్టి ఇంకో చిన్న గిన్నె విడిగా. దీంట్లో చేతుల పని ఐదు నిమిషాలు. బుర్రలో పని ఇరవైనాలుగు గంటలు. నిద్రపోయే ముందు మన ఆడవాళ్ళు చివరగా అనుకునే మాట ఏమిటో ఎవరైనా లెక్క తీస్తే, "అయ్యో, పాలు తోడుపెట్టలేదు" అన్నదే ముందు నిలుస్తుందని నా నమ్మకం.

పైగా దానికొక మహిమ అంటగట్టారు. "ఆవిడ చెయ్యి పడితే పెరుగు గడ్డ కడుతుంది" అంటారు. వినడానికి పొగడ్తే. ఆ పొగడ్త పనిచేసే తీరు చూడండి. పని ఆవిడ చేతికి పుట్టుకతో అంటుకుని ఉన్నదన్నాక ఇంకొకరికి బదలాయించే వీలు పోయింది. తోడులోని సూక్ష్మజీవికి ఆడ చెయ్యి, మగ చెయ్యి అన్న తేడా తెలియదు. నలభై డిగ్రీల దరిదాపు వెచ్చదనం తెలుసు, అంతవరకే.

మన భాషలో ఈ చెంచాడు పెరుగుకు 'తోడు' అని పేరు. కొన్నిచోట్ల చేమిరి అంటారు. పాలు ఒంటరిగా పెరుగు కాలేవని మనవాళ్ళకు తెలుసు. బిడ్డను పెంచడం దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివి ఏమవుతుందో తెలియదు.

ఇక కంపెనీల సంగతి. పెరుగును పిల్లల ఆరోగ్యం పేరు చెప్పి అమ్మడం కొత్తదేమీ కాదు. పులిసిన పాలు తింటే ఆయుష్షు పెరుగుతుందని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మెచ్నికోవ్ ప్రచారం చేశాడు. 1908లో నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త ఆయన, ఆ బహుమతి వేరే పరిశోధనకు. 1919లో బార్సిలోనాలో ఐజాక్ కరాసో పెరుగు తయారుచేసి మందుల దుకాణాల్లో అమ్మించాడు, కడుపు జబ్బులున్న పిల్లల కోసమని. కొడుకు డానియెల్ ముద్దుపేరే ఆ పెరుగుకు పెట్టాడు. అదే ఇవాళ్టి డానోన్. చంటిబిడ్డ పేరు మీద పెరుగు, మందులషాపులో పెరుగు. తల్లి భయమే సరుకుకు గిరాకీ అని వాళ్ళకు వందేళ్ళ కిందటే తెలుసు.

ఆ భయాన్ని అమ్ముకోకుండా ఆపడానికి మనకు చట్టం ఉంది. పాలపొడి కంపెనీల మీద 1970లలో లేచిన ఆందోళన తర్వాత 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమావళి వచ్చింది. 1992లో మన దేశం చట్టం చేసింది, 2003లో సవరించింది. దాని ప్రకారం రెండేళ్ళలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వకూడదు. డబ్బామీద బిడ్డ బొమ్మ, తల్లి బొమ్మ వేయకూడదు. మంచి చట్టం. కానీ 2024లో స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ బయటపెట్టిన సంగతి గుర్తుందిగా? నెస్లే వాళ్ళు మన దేశంలో అమ్మే సెరెలాక్‌లో ఒక్కో పూట తిండికి దాదాపు మూడు గ్రాముల చక్కెర కలిపి ఉందనీ, తమ సొంత దేశంలో అమ్మేదాంట్లో కలపలేదనీ. గొడవయ్యాక అదే ఏడాది చక్కెర కలపని రకాలు ఇక్కడా తెస్తున్నామని కంపెనీ ప్రకటించింది. అంటే కలపకుండా చేయడం వాళ్ళకు ముందునుంచీ చేతనవును.

ఇదంతా నిజమే. అయితే ఈ నిజాన్ని మనం దేనికి వాడుతున్నామన్నది నా ప్రశ్న. కంపెనీ మోసం చేసింది, కాబట్టి తల్లీ నువ్వు ఇంట్లో చేసుకో. ప్రతిసారీ చర్చ ఇక్కడికే వచ్చి ఆగుతుంది. మోసం చేసినవాడిది డబ్బు, అదనపు చాకిరీ మోసపోయినవాళ్ళది. షరన్ హేస్ 1996లో రాసిన పుస్తకంలో ఇరవైనాలుగు గంటలూ నిపుణుల మాట ప్రకారం బిడ్డచుట్టూ తిరిగే తల్లితనాన్ని విడమరిచి చూపింది. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అంతకుముందే, 1983లో, వంటింట్లోకి యంత్రం వచ్చినప్పుడల్లా తల్లి పని తగ్గకపోగా శుభ్రత, రుచి, ఆరోగ్యం కొలతలు పెరిగి పని ఎక్కువైన చరిత్ర రాసింది. మన ఇళ్ళలో ఫ్రిజ్ వచ్చాక పెరుగు రెండు గిన్నెలైంది, బిడ్డకొకటి, పెద్దలకొకటి. ఆ రెండో గిన్నె కూడా ఆవిడే కడగాలి.

ఇప్పుడు నాయనమ్మల దగ్గరికి వద్దాం.

మా నాయనమ్మ ఇంట్లో దాలిగుంటలో పిడకల మీద పాలు పొద్దస్తమానం కాగేవి. సాయంత్రానికి ఎర్రగా, మందంగా మీగడ కట్టేది. ఆ పెరుగు రుచి నాకూ గుర్తుంది, గుర్తులేదంటే అబద్ధం. దాంతోపాటు మిగతావి కూడా గుర్తున్నాయి. నాలుగింటికి లేచి కవ్వం తిప్పే నాయనమ్మ భుజం అరవై ఏళ్ళకే పైకి లేవకుండా పోయింది. ఆ పిడకలు చేసింది నాయనమ్మ కాదు. పేడ ఎత్తి, కొట్టం ఊడ్చి, పిడకలు కొట్టి గోడకు ఆరేసింది మాలపల్లెనుంచి వచ్చే ఒక మనిషి. గేదెల్ని తోలుకెళ్ళి మేపింది ఆవిడ కొడుకు, జీతానికి ఉన్న పదేళ్ళ పిల్లాడు. వెన్న తీసేశాక మిగిలిన చల్ల కోసం ఆవిడ పెరటి గుమ్మం దగ్గర ముంతతో నిలబడేది. పైనుంచి పోసేవాళ్ళు, ముంత తగలకుండా.

ఇందాక నేను వాడిన సామెతను ఇప్పుడు మళ్ళీ చూడండి. చల్లకొచ్చి ముంత దాచడం. మొహమాటపడే మనిషిని వెక్కిరించడానికి వాడతాం. చల్లకు వచ్చింది ఎవరు, పాడి ఎవరిది, గేదెను మేపినవాళ్ళింట్లో పెరుగు ఎందుకు లేదు, ముంత దాచుకునేంత సిగ్గు ఎవరు నేర్పారు అని ఆ సామెత అడగదు. చల్ల పోసే గుమ్మం దగ్గర నిలబడి చెప్పిన సామెత అది. మన పెరుగు జ్ఞాపకాలు కూడా చాలావరకు ఆ గుమ్మంలోపలివే. "మన సంప్రదాయంలో చంటిపిల్లలకు కమ్మని గడ్డపెరుగు" అని రాసే ముందు ఆ 'మన'లో ఎవరెవరున్నారో చూసుకోవాలి. ఆ పేడ ఎత్తిన మనిషి బిడ్డలు ఏం తిని పెరిగారు? ఈ ప్రశ్న దళిత స్త్రీలు చాలాకాలంగా వేస్తూనే ఉన్నారు. మనం విన్నట్టు తలూపి, మళ్ళీ కవ్వం బొమ్మ దగ్గరికి వెళ్ళిపోతున్నాం.

ఆ తర్వాత పాల వ్యాపారం వచ్చింది. 1970లో మొదలైన పాలవెల్లువ తర్వాత కేంద్రానికి పోసిన పాలకు డబ్బు వచ్చింది, చాలా ఇళ్ళలో గేదె పాలు గడప దాటి పోవడమూ మొదలైంది. డబ్బు ఆడవాళ్ళ చేతిలో పడ్డచోట కథ వేరు. 2002లో మొదలైన ముల్కనూరు మహిళా డెయిరీ లాంటివి అందుకే ముఖ్యం. కానీ పాలు పోసే ఇంట్లోని చంటిబిడ్డకు ఆ పూట ఎన్ని చెంచాలు మిగిలాయన్నది ఏ పాలకేంద్రం రిజిస్టరులోనూ రాయరు.

పెరుగుకున్న ఈ పవిత్రత వెనక ఇంకోటి కూడా దాక్కుని ఉంది. గుడ్డు. ఆరు నెలలు దాటిన బిడ్డకు గుడ్డు, చేప, మాంసం పెట్టొచ్చని, పెట్టాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతుంది. పాలలోనూ పెరుగులోనూ ఇనుము నామమాత్రం. బిడ్డ కడుపు పెరుగన్నంతోనే నింపేస్తే ఇనుముండే తిండికి చోటుండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలలనుంచి ఐదేళ్ళలోపు పిల్లల్లో 67.1 శాతానికి రక్తహీనత. ఆరునుంచి ఇరవైమూడు నెలల పిల్లల్లో వయసుకు తగ్గ తిండి అందుతున్నది 11.3 శాతానికే. ఈ లెక్కల ముందు కూర్చుని గడ్డపెరుగా డబ్బాపెరుగా అని వాదించుకునే తీరిక ఎవరికి ఉంటుంది? పెరుగు మంచిదే. కానీ "సాత్వికం" అన్న మాట తగిలించి ఒక కులపు విస్తరిని అందరి బిడ్డల ముందూ పరిస్తే, గుడ్డు తినే ఇంటి తల్లికి కూడా తన తిండి మీద సిగ్గు పుడుతుంది. మా వీధిలోనే ఒక బాలింత, వాళ్ళింట్లో రోజూ గుడ్డు ఉండికూడా, "పాపకు పెరుగన్నమే పెడుతున్నానండీ, గుడ్డు ఇంకా అలవాటు చేయలేదు" అని నాకు సంజాయిషీ చెప్పుకుంది. నా కులం చూసి చెప్పిన సంజాయిషీ అది.

ఇక అసలు విషయం, సమయం. 2017లో ప్రసూతి సెలవును పన్నెండు వారాలనుంచి ఇరవైఆరు వారాలకు పెంచారు, మొదటి ఇద్దరు బిడ్డలకు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంచారు. ఇరవైఆరు వారాలంటే ఆరు నెలలు. బిడ్డకు పై తిండి మొదలుపెట్టాల్సిందీ ఆరు నెలలకే. లెక్క చూశారా? తల్లిపాలు ఒక్కటే సరిపోయినన్నాళ్ళూ తల్లి ఇంట్లో ఉంటుంది. మెత్తగా పిసికిన అన్నం, పెరుగు, పప్పుకట్టు, రోజుకు రెండు మూడుసార్లు, ఒక్కో ముద్దకు పావుగంట, సగం బయటికి ఉమ్మేసే దశ రాగానే ఆవిడ ఆఫీసులో ఉండాలి. కాన్పుకు ముందే ఎనిమిది వారాలు వాడుకుని ఉంటే బిడ్డకు నాలుగు నెలలు దాటగానే. యాభైమంది పనిచేసేచోట పిల్లల్ని చూసే గది ఉండాలని చట్టంలో ఉంది. మీరు పనిచేసిన ఎన్ని కాలేజీల్లో చూశారు? ముప్పైఒక్క ఏళ్ళు అర్థశాస్త్రం చెప్పిన నేను, పనిచేసిన ఏ కాలేజీలోనూ చూడలేదు. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఊరిపేరు లేని ఓ ప్రైవేటు కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు. కడుపుతో ఉన్నానని చెప్పగానే "రాజీనామా ఇచ్చి, డెలివరీ అయ్యాక మళ్ళీ అప్లై చేసుకోమ్మా" అన్నారట, చాలా మర్యాదగా. ఆ అమ్మాయితో నేను ఇంటిపెరుగు గొప్పతనం గురించి మాట్లాడాలా?

చట్టం కిందికి రాని ఆడవాళ్ళే ఎక్కువ. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ ఆరువేలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో వచ్చిన మాతృవందన పథకం మొదటి బిడ్డకు ఐదువేలే అంది. వేరే సెలవు లేదు, ఇదే సెలవు, ఇదే జీతం. మా అపార్టుమెంటులో నాలుగిళ్ళలో పనిచేసే ఒకామె ఒక ఇంట్లో చంటిబాబుకు పెరుగు తోడుపెడుతుంది, వేడి చూసి, చిన్న గిన్నెలో, మూతపెట్టి. "మీ పాపకు ఎవరు తినిపిస్తున్నారమ్మా?" అని అడిగాను. "మా పెద్దపిల్ల పెడ్తది మేడం. బడికి పోకముందు బువ్వ పిసికి పెడ్తది, ఒక్కోపాలి బడికే పోదు" అంది. ఆ పెద్దపిల్లకు తొమ్మిదేళ్ళు. పైన మేడమీది బిడ్డ గిన్నెలో ఇంటిపెరుగు కమ్మగా ఉండడానికి కింద బస్తీలో ఒక ఆడపిల్ల చదువు తోడు అవుతోంది. ఇది ఆ ఇంటి తల్లి దుర్మార్గం అనను. ఆమె కూడా తొమ్మిదింటికి కేబ్ ఎక్కాలి. ఆ ఇంటాయన మాత్రం పెరుగు బాగా కుదిరిందని మెచ్చుకుంటాడు.

ఈ గొలుసు అమెరికాదాకా పోయింది. అక్కడ 1993 చట్టం ఇచ్చేది పన్నెండు వారాల జీతంలేని సెలవు, అదీ అందరికీ కాదు. కాబట్టి పురుడు పోయడానికి మన అమ్మలు విమానం ఎక్కుతారు. మామూలుగా ఆరునెలలు ఉండనిస్తారు. అమ్మ ఆరునెలలు, ఆ తర్వాత అత్తగారు ఆరునెలలు, బారీ కట్టినట్టు. మోకాళ్ళ నొప్పులతో, భాష రాక, కారు నడపడం రాక, మంచు చూస్తూ, మనవడికి పెరుగన్నం కలుపుతూ. తిరిగొచ్చాక "ఎలా ఉందండీ అమెరికా" అంటే నయాగరా ఫోటోలు చూపిస్తారు. ఒకావిడ మాత్రం "వంటింటి కిటికీలోంచి బాగా కనబడింది" అంది నాతో. ఇది జీతం అడగని ఎగుమతి. మగపిల్లాడికి అక్కడ పెద్ద కంపెనీలో తండ్రుల సెలవు ఇస్తే, ఆ సెలవులో ఆయన ఏం చేశాడని అడిగితే కోపం వస్తుంది.

అర్థశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి ఒక్క లెక్క. 2024 సమయ వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపనిలో పాల్గొన్న ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు చేశారు, మగవాళ్ళు 88 నిమిషాలు. 2019లో ఇవి 299, 97. అంటే ఐదేళ్ళలో మగవాళ్ళ వాటా పెరగలేదు సరికదా, ఇంకో తొమ్మిది నిమిషాలు తగ్గింది. ఆ తొమ్మిది నిమిషాల్లో పాలు తోడుపెట్టొచ్చు. ప్యాకెట్టులో పోసి అమ్మిన పెరుగు మీద 2022 జూలైలో ప్రభుత్వం 5 శాతం పన్ను వేసింది. అప్పుడు పెరుగు సరుకు, దేశ ఆదాయంలో భాగం. వంట, పిల్లల పెంపకం మాత్రం ఆ లెక్కలోకి రావు. మారిలిన్ వారింగ్ 1988లో ఈ సంగతి పుస్తకం రాసి అడిగింది. ఇప్పటికీ సర్వేలు నిమిషాలు లెక్కపెడుతున్నాయి గానీ వాటికి విలువ కట్టే పద్దు తెరవలేదు.

ఇంటిబయట ఇదే పని చేసేవాళ్ళనైనా గౌరవించామా? అంగన్‌వాడీలు 1975నుంచి ఉన్నాయి. మన రాష్ట్రాల్లో ఏడునెలలు నిండిన పిల్లలకు బాలామృతం ప్యాకెట్లు ఇస్తున్నారు, గర్భిణులకూ బాలింతలకూ గుడ్డు, పాలు, భోజనం. ఆ పని చేసేవాళ్ళకు ఇచ్చేది జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మె చేశారు, 42 రోజులు. మధ్యలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. సమ్మె ఆపడానికి అది అత్యవసర సేవ. జీతం ఇవ్వడానికి స్వచ్ఛంద సేవ. పిల్లల తిండి విషయంలో ఇంట్లో తల్లికి వర్తించే న్యాయమే వీధిలో కార్యకర్తకూ వర్తించింది. ఆ 42 రోజులూ మన సాహిత్య పేజీల్లో దానిమీద ఎన్ని పేజీలు వచ్చాయో, పెరుగు, ఆవకాయ జ్ఞాపకాల మీద ఎన్ని వచ్చాయో వెనక్కి తిరగేసి చూడండి.

నాతో విభేదించే ఒక స్నేహితురాలు, గట్టి చదువరి, ఇలా అంటుంది: "తోడుపెట్టడం మన అమ్మల జ్ఞానం. సూక్ష్మజీవశాస్త్రం పుట్టకముందే పాలను పెరుగు చేసినవాళ్ళు ఆడవాళ్ళు. దాన్ని చాకిరీ అని కొట్టిపారేస్తే జ్ఞానాన్ని కంపెనీకి అప్పజెప్పినట్టే కదా?" ఆమె మాటలో బలం ఉంది. వేలితో ఉష్ణోగ్రత కొలవడం, ఋతువుని బట్టి తోడు పాళ్ళు మార్చడం నిజంగా జ్ఞానమే. అయితే ఏ జ్ఞానమైనా జ్ఞానంగా బతకాలంటే దాన్ని నేర్చుకునేవాళ్ళు కావాలి. వ్యవసాయం, వైద్యం, వేదం అన్నీ కొడుకులకు నేర్పారు. ఈ ఒక్క జ్ఞానాన్ని మాత్రం కోడళ్ళకే ఎందుకు అప్పజెబుతున్నారు? సగం జనాభాకు అక్కర్లేనిదంటే దాన్ని జ్ఞానంగా ఎవరూ గుర్తించలేదనే అర్థం. నా స్నేహితురాలికి ఇద్దరు కొడుకులు. వాళ్ళకు పెరుగు తోడుపెట్టడం వచ్చా అని అడిగాను. నవ్వేసింది.

ఇంకో పక్కనుంచి ఇంకో వాదన. కొనుక్కుంటే పోలేదా, ప్యాకెట్టే ఆడవాళ్ళకు విముక్తి అని. కొనగలిగినవాళ్ళు కొనుక్కోండి, అపరాధభావం ఏమాత్రం పెట్టుకోకుండా కొనుక్కోండి. కానీ ఫ్రిజ్‌లో ప్యాకెట్టు అయిపోయిందని గుర్తుపెట్టుకునేది ఎవరు? పంచదార కలిపిందో కాదో చిన్న అక్షరాల్లో చదివేది ఎవరు? డబ్బుతో ఐదు నిమిషాల చేతిపని తప్పుతుంది. బుర్రలో పని ఆవిడ దగ్గరే ఉంటుంది. అందుకే తెచ్చిన పెరుగు, చేసిన పెరుగు అన్న రెండు పక్షాలూ నాకు ఒకే పక్షంగా కనిపిస్తాయి. రెండూ తల్లినే నిలదీస్తాయి.

తండ్రులకు తప్పనిసరి సెలవు, వాడుకోకపోతే పోయే సెలవు కావాలి. ఇరవైఆరు వారాలు ముగిసేచోట బిడ్డల గది మొదలవ్వాలి, కాగితం మీద కాకుండా కాలేజీలో, ఫ్యాక్టరీలో, బస్తీలో. అంగన్‌వాడీ రోజంతా తెరిచి ఉండాలి, అక్కడివాళ్ళకు జీతం అనే పేరుతో జీతం ఇవ్వాలి. ఇవేవీ కొత్త డిమాండ్లు కావు. మనం అడగడం మానేశామంతే. అడగడం మానేసిన ఖాళీలోకి నాయనమ్మ కవ్వం వచ్చి కూర్చుంది.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఇంటి సంగతి కూడా ఒకటి ఉంది. మన రచయిత్రుల సభలు ఏటా జరుగుతాయి, రెండేసి రోజులు. చంటిబిడ్డలున్న రచయిత్రులు ఎంతమంది వస్తున్నారు? వచ్చినవాళ్ళలో మధ్యాహ్నం మూడింటికే సంచీ సర్దుకోకుండా చివరిదాకా ఎంతమంది ఉంటున్నారు? పోయిన సభలో తన కథ మీద చర్చ మొదలయ్యే వేళకు ఒక అమ్మాయి లేచి వెళ్ళిపోయింది, ఇంట్లో ఏడునెలల పాప ఉందని. ఆ కథ గురించి ఆమె లేకుండానే మాట్లాడుకున్నాం. వచ్చే సభకు హాలు పక్కన ఒక గది తీసుకుందాం. చాపలు, ఉయ్యాల, పొయ్యి, ఫ్రిజ్. రెండు రోజులూ పిల్లల్ని చూసే బాధ్యత మన సభలకు వచ్చి మొదటి వరసలో కూర్చునే మగ రచయితలది, మన ఇళ్ళలోని భర్తలది, కొడుకులది. వంతులు రాసి గోడకు అంటిద్దాం. ముందురోజు రాత్రి పాలు కాచి తోడుపెట్టడం కూడా ఆ వంతుల్లోనే ఉండాలి. ఎవరెవరు పేర్లు ఇస్తారో సంపాదకులకు రాయండి. అభ్యంతరం ఉన్నవాళ్ళు కూడా రాయండి.